రైలు కూత ఏ తీగ?

మాస్టారు పోయారని ఆయన పెద్దబ్బాయి ఫోన్ చేశాడు. రిటైరయ్యాక విశాఖ తాటిచెట్లపాలెంలో కట్టుకున్న ఆ ఇంటికి వెళ్లేసరికి వాకిలి నిండా చెప్పులు. రైల్వేలో ఆయనతో పనిచేసినవాళ్లు, చర్చిలో కలిసి పాడినవాళ్లు, మాలాగా చిన్నప్పుడు ఆయన దగ్గర గిటారు నేర్చుకుని ఇప్పుడు జుట్టు నెరిసినవాళ్లు వచ్చారు. లోపలి గదిలో బల్ల మీద ఒక పెద్ద గాజు సీసా ఉంది. దాని నిండా చుట్టలు చుట్టిన పాత గిటారు తీగలు. మూత తీశాను. ఇనుము తుప్పు వాసన. ఆ వాసన తగలగానే ఆయన పాత క్వార్టరు, వరండా, పక్కనే పట్టాల మీద వెళ్లే బండ్లు అన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. ఆయన మాకు గిటారు నేర్పిన తీరు గురించి, దానికోసం మమ్మల్ని ఊరంతా తిప్పి వినిపించిన సంగీతం గురించి రాయాలనిపించింది.

పందిరి పక్కన

మా తరానికి గిటారు మొదట కనిపించింది వీధిలోనే. అల్లిపురంలో మేము అద్దెకున్న వీధిలో వినాయక చవితి పందిరి దగ్గర నిమజ్జనానికి ముందు రాత్రి ఆర్కెస్ట్రా పెట్టించేవారు. చందాలు తగ్గితే ప్రసాదంలో కోత పడేది గాని ఆర్కెస్ట్రా ఆగేది కాదు. మధ్యాహ్నం నుంచే బల్లలు, పీపాలు చేరేవి. పొద్దు వాలేసరికి వ్యాను వచ్చి ఆగేది. అందులోంచి దిగే ఒక్కో పెట్టెలో ఏ వాద్యం ఉందో పిల్లలం పందెం వేసుకునేవాళ్లం. అకార్డియన్, తబలా, బాంగోలు, డ్రమ్స్. పొడుగాటి నల్ల పెట్టె మాత్రం గిటారుదే అని అందరికీ తెలుసు.

పెద్దవాళ్లు ముందు కుర్చీల్లో కూర్చునేవారు. నాకు వేదిక పక్కన, స్పీకర్ పెట్టెకు ఆనుకుని నిలబడడం ఇష్టం. బేస్ గిటారు మోగినప్పుడల్లా ఆ చెక్క అదిరి, అదురు వీపులోకి వచ్చేది. గాయకుడు ఒక చరణం మరిచిపోయినా, జనరేటర్ కాసేపు తడబడినా పాట తెగేది కాదు. ఒకరు వదిలింది మరొకరు అందుకునేవారు. ఎవరు ఎప్పుడు అందుకోవాలో కళ్లతోనే చెప్పుకునేవారు. ముందు వరసలో ఉన్నవారికి అది కనిపించదు. పక్కన నిలబడ్డ మాకు కనిపించేది. రేడియోలో ఎన్నోసార్లు విన్న పాటే అయినా, అది మా కళ్లముందు మనుషుల చేతుల్లో తయారవుతుంటే ఒళ్లు జలదరించేది.

గిటారు వాయించే ఆయన సన్నగా, తెల్ల చొక్కాలో ఉండేవారు. విరామంలో నేను ఆ గిటారు తీగను ఒక వేలితో తాకాను. కసురుతారనుకున్నాను. ఆయన గిటారును నా ఎత్తుకు వంచి, "తాకడం కాదు తల్లీ, మీటు" అన్నారు. మీటాను. ఆంప్లిఫయర్ ఆపలేదేమో, వీధి వీధంతా మోగింది. ఆయనే తర్వాత మా మాస్టారయ్యారు.

అమ్మమ్మ మాట

అమ్మకు నాచేత వీణ నేర్పించాలని ఉండేది. ఆడపిల్ల గిటారు పట్టుకోవడమేమిటని బంధువులూ అన్నారు. నాన్న పోర్టులో గుమాస్తా, ఇలాంటి విషయాల్లో నోరు విప్పేవారు కాదు. అడ్డుపడింది అమ్మమ్మ.

అమ్మమ్మది విజయనగరం. 1919లో అక్కడ సంగీత కళాశాల వెలిశాక ఆ ఊరి పిల్లలకు పాటలు, వాద్యాలు గాలిలోనే దొరికేవని చెప్పేది. అక్కడ మొదటినుంచీ ఫిడేలు నేర్పి, 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కచేరీలు ఆమె స్వయంగా విన్నది. "ఫిడేలు మాత్రం మన ఊళ్లో పుట్టిందా? దొరలు తెచ్చిందే కదా. నాయుడుగారి చేతిలో పడ్డాక అది మనది కాదని ఎవరైనా అన్నారా? పిల్ల ఇష్టపడి దేన్ని ముట్టుకుందో దాన్నే నేర్పించు" అంది. అమ్మ ఆ రోజు మారు మాట్లాడలేదు. కొన్నేళ్ల తర్వాత మన పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ టీవీలో ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద త్యాగరాజ కీర్తన వాయిస్తుంటే, వంటింట్లోంచి వచ్చిన అమ్మ గరిట పట్టుకునే చివరిదాకా నిలబడి వింది. ఆ తర్వాత మా ఇంట్లో గిటారు గురించి వాదన వినబడలేదు.

వరండాలో

మాస్టారి క్వార్టరు స్టేషనుకు దగ్గర్లో ఉండేది. స్టేషను పేరు మారిన తర్వాత కూడా ఆయన వాల్తేరు అనే అనేవారు. ఆదివారం ఉదయం చర్చి నుంచి రాగానే వరండాలో చాప పరిచేవారు. మాలో రైల్వే పిల్లలు ఎక్కువ, ఇద్దరు ముగ్గురు మాత్రం బయటివాళ్లం.

మొదటి రోజు ఆయన మాకెవరికీ గిటారు ఇవ్వలేదు. తన గిటారులో ఆరు తీగలను ఒక్కొక్కటిగా మీటి, కళ్లు మూసుకుని వినమన్నారు. ఇంతలో షంటింగ్ ఇంజన్ కూత పెట్టింది. "ఈ కూత ఏ తీగకు దగ్గర?" అని అడిగారు. ఒకరు మూడోది అన్నారు, మరొకరు రెండోది. అందరి ముందూ మీటి చూపించేవారు. తప్పు చెప్పినవాళ్లను ఒక్క మాట అనేవారు కాదు, మళ్లీ కూత వచ్చేదాకా ఆగమనేవారు. ఆగకుండా వెళ్లే గూడ్సు బండి కూత దగ్గరికి వస్తున్నప్పుడు ఒక శ్రుతిలో, దాటిపోయాక కొంచెం కిందికి దిగి వినబడుతుందని మాలో ఒక కుర్రాడు కనిపెట్టాడు. దాని పేరు డాప్లర్ ప్రభావమని ఇంటర్‌లో చదువుకున్నాం. చెవికి మాత్రం ఆ వరండాలోనే తెలుసు.

ఆ ఆట ఇంటికి కూడా వచ్చేసింది. కుక్కర్ ఈల, బడి గంట, పాలవాడి సైకిల్ బెల్లు, అన్నిటికీ తీగలు వెతికేవాళ్లం. జనవరి ఒకటో తేదీ అర్ధరాత్రి హార్బర్‌లో ఉన్న ఓడలు ఒక్కసారిగా హారన్లు మోగించేవి. డాల్ఫిన్స్ నోస్ కొండకు తగిలి ఆ మోత పాత నగరమంతా పరుచుకునేది. అది అన్నిటికంటే లావుగా, మందంగా పలికే ఆరో తీగ కంటే కూడా కింద ఉంటుందని నాన్నకు చెబితే ఆయన చాలాసేపు విని, నిజమేనమ్మా అన్నారు.

వేళ్లు పెట్టడానికి వచ్చేసరికి ఆయన పద్ధతి మరీ తేలిక. పెద్దవాళ్లకు నేర్పినట్టు మూడు వేళ్లతో సి కార్డు పట్టించేవారు కాదు. కార్డు అంటే కొన్ని స్వరాలు ఒకేసారి కలిసి పలకడం. రెండో తీగ మొదటి ఫ్రెట్ (గిటారు మెడకు అడ్డంగా ఉండే లోహపు పట్టీ) మీద ఒక్క వేలు పెట్టి, కింది మూడు తీగలే మీటితే సి కార్డు పలుకుతుంది. ఆ వేలినే మొదటి తీగ మొదటి ఫ్రెట్ మీదికి జరిపి, కింది నాలుగు తీగలు మీటితే జి సెవెన్ వస్తుంది. ఆ రెండు కార్డులతోనే సాగిపోయే జోలపాటలు, చర్చి పాటలు, పల్లె పాటలు చాలా ఉన్నాయి. వెళ్లిన రెండో వారానికే మేము పాట వాయించేవాళ్లం. ఆయన పాడితే మేము వెనక మీటడం. ఇంటికి వెళ్లి ఏమి నేర్చుకున్నావని అడిగితే, పాట అని చెప్పగలగడం ఎనిమిదేళ్ల పిల్లకు ఎంత పెద్ద సంగతో పెద్దవాళ్లు మరిచిపోతారు. నెలల తరబడి స్కేళ్లు, అంటే స్వరాల వరసలు మాత్రమే వాయించి, పాట ముఖం చూడకుండానే మానేసిన పిల్లలను తర్వాత నేనే ఎందరినో చూశాను.

అప్పట్లో పిల్లల కొలతలో గిటార్లు మాకు అందుబాటులో లేవు. ఉన్నవన్నీ పెద్దవే, పైగా స్టీలు తీగలు. వేళ్ల కొసలు ఎర్రబడి మండేవి. ఆయన తీగలన్నిటినీ ఒక స్వరం కిందికి దించి, రెండో ఫ్రెట్ మీద కేపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే పట్టీ బిగించేవారు. శ్రుతి మామూలుగానే ఉంటుంది, తీగ మెత్తబడుతుంది, ఫ్రెట్లు దగ్గరవుతాయి, చిన్న చెయ్యి అందుతుంది. ఇంటి దగ్గర రోజూ పది నిమిషాలు చాలు, ఇంకా వాయించాలనిపిస్తుండగానే పక్కన పెట్టేయండి అనేవారు. వారం వారం మా ఎడమ చేతి వేళ్లు పట్టుకుని చూసేవారు. కాయలు కాయడం మొదలైతే చాలు, వాళ్ల అమ్మను పిలిపించి మరీ చూపించేవారు. మా అమ్మ ఆ వేళ్లు చూసి మొదట కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత ఇంటికి వచ్చినవాళ్లందరికీ తానే చూపించింది.

తీగలు, సముద్రపు గాలి

విశాఖలో గిటారు ఉన్నవారికి సముద్రంతో ఒక నిత్య పోరాటం. ఉప్పుగాలికి స్టీలు తీగలు నెల తిరిగేసరికి గరుకెక్కుతాయి, చెమట తగిలితే మరీ తొందర. వాయించాక ప్రతి తీగనూ కిందా పైనా పొడి గుడ్డతో తుడవకపోతే మాస్టారు ఊరుకునేవారు కాదు. అప్పట్లో మంచి తీగలు కావాలంటే కలకత్తా నుంచి రావాలి. ఆయన స్నేహితులు ఎవరైనా హౌరా వైపు వెళితే లాల్‌బజార్ దుకాణాల్లో కొని తెచ్చేవారు. హౌరా మెయిల్ రోజున ఆయన ముఖంలో వెలుగు వేరుగా ఉండేది. తీగలు రాని రోజుల్లో పాతవాటినే విప్పి, మరిగే నీళ్లలో కాసేపు వేసి, ఆరబెట్టి మళ్లీ బిగించేవారు. జిడ్డు వదిలి మరికొన్నాళ్లు మోగేవి. తెగినవి మాత్రం ఆ సీసాలో వేసేవారు. ఏ తీగ ఎవరి చేతిలో తెగిందో గుర్తుంచుకునేవారు.

ఊరిని వినడం

నెలకో రెండు నెలలకో పాఠం ఉండేది కాదు. ఆ ఆదివారం ఎక్కడికో తీసుకెళ్లి వినిపించేవారు. మా పాఠాలన్నిటిలోకీ నాకు బాగా గుర్తున్నవి అవే.

డిసెంబర్ 4 నేవీ డే దగ్గర పడితే రామకృష్ణా బీచ్‌లో నేవీ బ్యాండు. బ్యాండుకు దగ్గరగా మమ్మల్ని నిలబెట్టి, ఒక్కొక్కరికీ ఒక్కో వాద్యం పంచేవారు. "నువ్వు ట్రాంబోన్‌నే చూడు. నువ్వు పెద్ద డ్రమ్ము. నువ్వు ఫ్లూటు. వాళ్లు వాయించనప్పుడు ఏం చేస్తున్నారో కూడా చూడాలి." ఆ తర్వాత ఇసుకలో కూర్చుని ఎవరు ఏమి చూశారో చెప్పాలి. డ్రమ్ము చూసిన కుర్రాడు, ఆయన వాయించనప్పుడు కూడా పెదాలతో లెక్క పెట్టుకుంటున్నాడు అన్నాడు. మాస్టారికి ఆ జవాబు ఎంత నచ్చిందంటే అందరికీ మురీ మిక్చర్ కొనిపెట్టారు.

క్రిస్మస్ రోజుల్లో పాత నగరంలో రాత్రిళ్లు ఇంటింటికీ తిరిగి పాడే బృందాలతో పాటు నడిచేవాళ్లం. గిటారు మెడలో వేసుకుని నడుస్తూ వాయించడం, మెట్లెక్కుతూ తాళం తప్పకపోవడం అక్కడే చూశాను. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవాళ్లు పియానో, గిటారుతో పాడుతుంటే కిటికీ అవతల నిలబడి వినేవాళ్లం. కర్ణాటక కచేరీకి తీసుకెళితే కాళ్లు ఊపకుండా కూర్చోవడం కష్టమయ్యేది. అయినా మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం వచ్చేసరికి అందరం ముందుకు జరిగేవాళ్లం.

ఒకసారి తప్పెటగుళ్ల బృందం వచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆ మనుషులు గుండె మీద తప్పెట కట్టుకుని, కాళ్ల గజ్జెలు ఘల్లుమంటుండగా ఎగిరి దూకుతూ పాడుతుంటే మా ఊపిరి ఆగిపోయింది. ఆ తర్వాతి ఆదివారం మాస్టారు గిటారు తీగలను అరచేత్తో ఆపి, వేళ్లతో పెట్టె మీద దరువు వేస్తూ ఆ తాళాన్ని పట్టించారు. గిటారును డప్పుగా కూడా వాడుకోవచ్చని నాకు ఆరోజే తెలిసింది. మన ఉత్తరాంధ్ర తాళాలు ఇన్ని ఉండగా గిటారు నేర్చుకునే పిల్లలకు వాటిని ఎవరూ ఎందుకు వినిపించరోనని నాకు ఇప్పటికీ బాధ.

ఒక్క కార్డు పని

వేదిక ఎక్కడానికి బాగా రావాలని ఆయన ఎన్నడూ అనలేదు. శ్రీరామనవమి పందిట్లో వాళ్ల ఆర్కెస్ట్రా వాయించే రోజున నన్ను వెనక వరసలో ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు. పల్లవి ముగిసిన ప్రతిసారీ ఒక్క సి కార్డు, ఒక్క మీటు. పాట మొత్తంలో నా పని అంతే. మిగతా సమయమంతా వినాలి. తల తిప్పి ఆయన నా వైపు చూసినప్పుడు మీటాలి. ఆ రాత్రి నా మీటు సరిగ్గా పడిన ప్రతిసారీ బాంగోల ఆయన నాకు తల ఊపేవారు. పెద్దవాళ్ల మధ్య నాకంటూ ఒక చోటు దొరికిందన్న గర్వంతో ఇంటికి వెళ్లాక నిద్ర పట్టలేదు. తర్వాతి వారం ఎవరూ చెప్పకుండానే నాలుగు కార్డులు నేర్చుకుని వెళ్లాను.

చదువు, బ్యాంకు ఉద్యోగం, పెళ్లి. సెలవు రోజుల్లో కొన్నేళ్లు ఆర్కెస్ట్రాలో వాయించాను. ఆ తర్వాత కీబోర్డు ఒక్కటే వచ్చి అకార్డియన్‌ను, ఫ్లూటును, గిటార్లను పక్కకు నెట్టింది. రిథమ్ ప్యాడ్ వచ్చి తబలాను పంపించింది. మరికొన్నాళ్లకు ఆ కీబోర్డు కూడా పోయి, రికార్డు ట్రాకు మీద ఒక్కరే పాడడం, ఆ పైన డీజే పెట్టెలు వచ్చాయి. చవితి పందిళ్లలో ఇప్పుడు మోత పెరిగింది, వాయించే మనిషి కనిపించడు. చూడడానికి వేళ్లు లేనప్పుడు ఏ పిల్లకు నేర్చుకోవాలనిపిస్తుంది?

హుద్‌హుద్ రాత్రులు

మా అబ్బాయికి పదేళ్లప్పుడు గిటారు క్లాసులో చేర్పించాం. మంచి క్లాసే. గ్రేడు పరీక్షలు రాయించేవారు. ఆ పరీక్షలు చెడ్డవని అనను. చేతికి క్రమశిక్షణ వస్తుంది, స్వరాలు చదవడం వస్తుంది. అయితే ఏడాదంతా మూడు బాణీలే వాయించి వాడికి విసుగొచ్చింది. సర్టిఫికెట్ గోడకెక్కింది, గిటారు పెట్టెలోకి వెళ్లింది. నేను బతిమాలాను, బుజ్జగించాను. లాభం లేకపోయింది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఊరిలో చెట్టన్నది నిలబడలేదు. సీతమ్మధారలో మా అపార్ట్‌మెంటుకు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, నీళ్లకు వరసలు. రాత్రయితే ఇళ్లలో ఉక్క భరించలేక అందరూ మేడ మీదికి చేరేవారు. అప్పటిదాకా లిఫ్టులో తలలు మాత్రమే ఊపుకున్నవాళ్లం పక్కపక్కన చాపలు పరుచుకున్నాం. ఒక రాత్రి నేను గిటారు పైకి తెచ్చాను. కొన్ని పాత పాటలు వాయించాక, మా వాచ్‌మన్ గొంతు సవరించుకుని తన ఊరి పాట ఒకటి ఎత్తుకున్నాడు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన మనిషి, మంచి గొంతు. నేను వాయించే శ్రుతికీ ఆయన గొంతుకూ పొంతన కుదరలేదు. నేను తడుముకుంటుంటే చీకట్లోంచి మా అబ్బాయి, "అమ్మా, కేపో మూడో ఫ్రెట్ మీద పెట్టు" అన్నాడు. పెట్టాను. కలిసింది. వాడు లేచి వచ్చి గిటారు తన ఒళ్లోకి తీసుకున్నాడు.

ఆ పాట పూర్తయ్యేదాకా వాడి చూపు వాచ్‌మన్ నోటి మీదే ఉంది. ఆయన గుక్క తిప్పుకున్నప్పుడు వీడు ఆగాడు. ఆయన సాగదీసినప్పుడు వీడూ సాగదీశాడు. పరీక్షలో ఎవరూ వాడిని అలా వినమనలేదు. మర్నాటి రాత్రి మా అంతస్తు పిల్లలు గిన్నెలు, గరిటెలు తెచ్చుకున్నారు. మూడో రాత్రి పక్క అపార్ట్‌మెంటువాళ్లు తమ మేడ మీద నుంచి పాట అడిగారు. కరెంటు వచ్చాక కూడా వాడు గిటారును పెట్టెలో పెట్టలేదు. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శనివారాలు స్నేహితులతో వాయిస్తాడు.

ఈ సంగతి మాస్టారికి చెప్పినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే: "వాచ్‌మన్ పాట మళ్లీ పాడితే నన్ను పిలుస్తావా?" పిలిచాను. ఆ వయసులో మా మేడ మెట్లెక్కి వచ్చి, పాట విని, రెండోసారి పాడినప్పుడు తానూ అందుకున్నారు.

ఇప్పటి ఆదివారాలు

సాయంత్రాలు బీచ్ రోడ్డు మీద నడుస్తుంటే గోడ మీద కూర్చుని గిటారు వాయించే కుర్రాళ్లు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు. సిరిపురం వైపు కాఫీ దుకాణాల్లో వారాంతాల్లో పాటలు పెడుతున్నారు. పిల్లలను తీసుకుని అక్కడ ఆగండని తెలిసిన తల్లులందరికీ చెబుతున్నాను. వేళ్లు కనిపించేంత దగ్గరగా నిలబడనివ్వండి. విరామంలో వెళ్లి ఆ గిటారు పేరేమిటని అడగనివ్వండి. ఇప్పుడు పిల్లల కొలతలో, నైలాన్ తీగలతో గిటార్లు దొరుకుతున్నాయి. ఆరేళ్ల బిడ్డకు స్టీలు తీగల పెద్ద గిటారు కొని, వేళ్లు నొప్పి అంటే ఓర్చుకోమనకండి. కొన్నదాన్ని బీరువా పైన దాచకండి. గాలికి పాడవుతుందనుకుంటే గుడ్డతో తుడవండి గాని, పిల్ల చెయ్యి అందేచోట ఉంచండి.

మా కింది అంతస్తు పాప ఆదివారాలు నా దగ్గరికి వస్తోంది. ఒక్క వేలి సి కార్డు, జి సెవెన్ వచ్చేశాయి. వాళ్ల నానమ్మ పాడే జోలపాటకు తానే వాయిస్తోంది. నానమ్మ గొంతు తగ్గు శ్రుతిలో ఉంటుంది కాబట్టి తీగలు దించి ఇవ్వమని అడుగుతోంది. వాళ్ల అన్నకు గిటారు మీద మనసు లేదు, ఆమె వాయిస్తుంటే పక్కన కూర్చుని ప్లాస్టిక్ బకెట్ మీద దరువేస్తాడు. వాడిని గది బయటికి పంపించమని వాళ్లమ్మ అంటోంది, పాపకు శ్రద్ధ చెదురుతుందట. వాడు ఉంటేనే పాప ఎక్కువసేపు వాయిస్తోందని నేను ఆమెకు చెప్పాను. ఇప్పుడు వాడికి తప్పెట ఎక్కడ దొరుకుతుందో కనుక్కుంటున్నాను. వాచ్‌మన్‌ను అడిగితే, తమ ఊళ్లో కట్టేవాళ్లు ఉన్నారని, సంక్రాంతికి వెళ్లినప్పుడు కుర్రాడి కొలతకు చేయించి తెస్తానని అన్నాడు.